పోనివ్వడమూ సేవే: ఆఖరి రోజుల్లో కుటుంబం పాటించాల్సిన ధమ్మం



మన ఇళ్లలో చావు గురించి మాట్లాడుకోం. ఎవరైనా ఎత్తితే "అశుభం పలకకు" అని నోరు మూయిస్తాం. పిల్ల పెళ్లి అంటే ఆరు నెలల ముందే కూర్చొని లెక్కలు వేసుకుంటాం. ఇల్లు కట్టాలంటే ఇటుక దగ్గర్నుంచి ఇసుక దాకా పదిమందిని అడుగుతాం. కానీ ఇంటి పెద్దమనిషి మంచాన పడి, ఇక నయం కాదని డాక్టరు చెప్పేశాక, "నాయనా, నీకు ఏం కావాలి?" అని ఆ మనిషినే అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ ఉండదు. డాక్టరు కొడుకుతో మాట్లాడతాడు, కొడుకు అల్లుడితో మాట్లాడతాడు, మంచం మీద ఉన్న మనిషికి తప్ప అందరికీ సంగతి తెలుస్తుంది.

బుద్ధ ధమ్మం చావును దాచిపెట్టే ధమ్మం కాదు. మన ఖమ్మం జిల్లా నేలకొండపల్లి స్తూపం దగ్గరికి పిల్లలను తీసుకుపోతాం కదా. స్తూపం అంటే ఏమిటి? పోయినవారి ధాతువుల మీద గౌరవంతో కట్టిన కట్టడం. మన పూర్వులు చావును ఊరి బయట దాచలేదు, అందరూ చుట్టూ తిరిగి నమస్కరించేట్టు మధ్యన నిలబెట్టారు.

ఈ పాఠంలో మనం ఒక్క ప్రశ్న చదువుకుందాం. నయం కాని జబ్బుతో ఉన్న మనిషి "ఇక చాలు, నన్ను గౌరవంగా పోనివ్వండి" అంటే కుటుంబం ఏం చేయాలి? ఆ మాట వినడం పంచశీలలోని మొదటి శీలానికి విరుద్ధమా?

1. మన తెలుగు నేల మీద జరిగిన సంగతి

హైదరాబాద్‌లో కె. వెంకటేశ్ అనే యువకుడు ఉండేవాడు. చదరంగం ఆడేవాడు. చిన్నప్పుడే అతనికి డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ అనే జబ్బు ఉందని తేలింది. ఇది జన్యులోపం వల్ల ఎక్కువగా మగపిల్లలకు వస్తుంది. కండరాలు ఒక్కొక్కటే శక్తి కోల్పోతాయి. ముందు నడక పోతుంది, తర్వాత చేతులు, చివరికి గుండె, ఊపిరి తీసే కండరాలు. చాలామందిలో తెలివి మాత్రం నిలిచే ఉంటుంది. మనిషి అన్నీ తెలుస్తూనే ఉండి శరీరాన్ని పోగొట్టుకుంటాడు.

2004 నాటికి అతనికి 25 ఏళ్లు. ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉన్నాడు. తాను బతకనని అతనికి స్పష్టంగా తెలుసు. అప్పుడు తల్లి సుజాత గారిని ఒక్కటే అడిగాడు. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకితే అవయవాలు ఎవరికీ పనికిరాకుండా పోతాయి, అంతకంటే ముందే తీసి అవసరమున్నవాళ్లకు ఇప్పించమని.

కన్నతల్లికి ఇంతకంటే కష్టమైన మాట ఉంటుందా? ఆమె ఆ మాటను తోసెయ్యలేదు. కొడుకు కోరికను పట్టుకొని అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు పోయింది. అయితే 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం గుండె వంటి అవయవాలను తీయాలంటే ముందు మనిషికి బ్రెయిన్ డెత్ అయినట్టు డాక్టర్లు నిర్ధారించాలి. వెంకటేశ్ తెలివిలో ఉన్న మనిషి. కోర్టు ఒప్పుకోలేదు. 2004 డిసెంబర్ 17న అతను కన్నుమూశాడు. అతని కళ్లను దానం చేశారు. చాలా ఏళ్ల తర్వాత, 2022లో, నటి రేవతి దర్శకత్వంలో ఈ తల్లీకొడుకుల కథే "సలామ్ వెంకీ" అనే హిందీ సినిమాగా వచ్చింది.

ఈ సంగతిని కన్నీళ్లతో విని వదిలేస్తే లాభం లేదు. ధమ్మం చదువుకునేవాళ్లం కాబట్టి విడదీసి చూడాలి. వెంకటేశ్ కోరికలో రెండు సంగతులు కలిసి ఉన్నాయి. ఒకటి, "ఈ శరీరాన్ని యంత్రాలతో ఇంకా సాగదీయకండి." రెండోది, "నేను బతికి ఉండగానే అవయవాలు తీయండి." మొదటిది చావును అడ్డగించవద్దని అడగడం. రెండోది, ఉద్దేశం ఎంత గొప్ప దానమైనా, ఇంకొకరి చేత్తో ప్రాణం తీయించడం. ఈ తేడా దగ్గరే మన పాఠం మొదలవుతుంది.

2. మొదటి శీలం గీత ఎక్కడ గీస్తుంది?

పాణాతిపాతం, అంటే ప్రాణం తీయడం, మానుకుంటానని మనం శీలం తీసుకుంటాం. భిక్ఖువులకు ఇదే విషయంలో ఇంకా కఠినమైన నియమం ఉంది. వినయ పిటకంలో మూడో పారాజికం అంటారు. మనిషి ప్రాణం తీసిన భిక్ఖువు సంఘంలో ఉండడానికి తగడు.

ఈ నియమం వెనక ఉన్న ఒక కథ మన కుటుంబాలన్నీ తెలుసుకోవాల్సింది. ఒక ఉపాసకుడు జబ్బుతో పడుకొని ఉన్నాడు. అతని భార్య అందంగా ఉందని కొందరు చెడ్డ భిక్ఖువులు కన్నేశారు. అతని దగ్గర కూర్చొని, నువ్వు చాలా పుణ్యం చేశావు, ఈ కష్టం ఎందుకు, బతకడం కంటే పోవడమే మేలు అని తియ్యగా చెప్పారు. అతను నమ్మి ఒంటికి పడనివి తిని చనిపోయాడు. అప్పుడు బుద్ధ భగవానుడు చావును పొగడడం, చావమని ప్రోత్సహించడం కూడా అదే నేరం అన్నాడు. ఇంకో సందర్భంలో కొందరు భిక్ఖువులు నిజంగా జాలితోనే ఒక రోగికి చావు మేలని చెప్పారు. అదీ తప్పే అయింది.

ఎందుకింత కఠినం? రోగి మనసు మెత్తగా ఉంటుంది. పక్కనున్నవాళ్ల ముఖం చూసి, వాళ్లకు ఏం కావాలో అదే కోరుకుంటుంది. "ఆయన పోతేనే సుఖపడతాడు" అని గుమ్మం దగ్గర నిలబడి మనం అనే మాట మంచం దాకా వినబడుతుంది. ఆస్తి కోసం అన్నా, అలసిపోయి అన్నా, ప్రేమతో అన్నా, వినే చెవికి తేడా తెలియదు. అందుకే ధమ్మం మొదటి కంచె ఇక్కడ వేసింది. చావమని చెప్పడం కుటుంబం పని కాదు.

అయితే కంచెకు రెండో వైపు కూడా ఉంది. అయిదో శతాబ్దంలో సింహళంలో ఉండి ఆచార్య బుద్ధఘోషుడు పాళీలో సిద్ధం చేసిన వినయ వ్యాఖ్యానం సమంతపాసాదిక ఈ సంగతిని చర్చించింది. మందు, సేవ దొరుకుతుండగా కేవలం చావాలని తిండి మానేయడం దోషమని చెబుతుంది. కానీ జబ్బు చాలా కాలంగా తీవ్రంగా ఉండి, ఎంత చూసుకున్నా ఈ శరీరం నిలవదని, సేవ చేసే భిక్ఖువులు అలసిపోయారని గ్రహించిన రోగి తిండిని, మందును వదిలేస్తే అది తగినదే అంటుంది. అంటే చావును తెచ్చిపెట్టుకోవడం వేరు, ఆగని చావుకు అడ్డం పడడం మానేయడం వేరు అని మన పెద్దలు 1500 ఏళ్ల కిందటే గుర్తించారు.

కొందరు మిత్రులు వక్కలి, చన్న, గోధిక అనే భిక్ఖువుల సంగతి అడుగుతారు. వాళ్లు తీవ్రమైన బాధలో కత్తి పట్టినట్టు సుత్తాలలో ఉంది. వాటి అర్థం గురించి పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఒక్కటి మాత్రం గమనించండి. చన్న మాట విన్న సారిపుత్తుడు వెంటనే అన్నది, నీకు తిండి లేకపోతే తెస్తాను, మందు లేకపోతే తెస్తాను, సేవ చేసేవాళ్లు లేకపోతే నేనే చేస్తాను అని. ముందు సేవ, తర్వాతే చర్చ.

3. రెండు దాహాలు

తణ్హలో మూడు రకాలని మనం చదువుకున్నాం. కామతణ్హ, భవతణ్హ, విభవతణ్హ. భవతణ్హ అంటే ఉండాలి, ఉండిపోవాలి అనే దాహం. విభవతణ్హ అంటే ఇది లేకుండా పోవాలి, అంతమైపోవాలి అనే దాహం. మరణశయ్య దగ్గర ఈ రెండూ ఎదురెదురుగా నిలబడతాయి.

కొడుకు అంటాడు: "ఎంత ఖర్చయినా సరే, ఇంకొక్క గొట్టం వేయండి డాక్టర్ గారూ." అది ప్రేమే. కానీ ఆ ప్రేమలో "నాయన లేకుండా నేను ఉండలేను" అనే భవతణ్హ కూడా కలిసి ఉంది. ఒక్కోసారి "బంధువులు ఏమంటారో, డబ్బుకు వెనకాడాడు అంటారేమో" అనే భయం కూడా కలుస్తుంది. ఆ గొట్టం ఎవరి కోసం వేస్తున్నాం? మంచం మీద ఉన్న మనిషి కోసమా, మన కోసమా?

అటు రోగి అంటాడు: "ఒక ఇంజెక్షన్ ఇచ్చి చంపేయండి రా." ఆ మాటలో నొప్పి మీద కోపం, పరాధీనంగా బతుకుతున్న తన మీద తనకే విసుగు ఉంటే అది విభవతణ్హ. దాన్ని వెంటనే కోరికగా తీసుకోకూడదు, తోసెయ్యకూడదు కూడా. అది ఎక్కడో నొప్పి ఉందని చెప్పే కేక.

ఈ రెండింటి మధ్య ఇంకో మాట ఉంటుంది. అది నెమ్మదిగా వస్తుంది. "చూడాల్సినవి చూశాను బిడ్డా. నన్ను ఇంటికి తీస్కపోండి. ఇగ సూదులొద్దు." అందులో కోపం లేదు, పారిపోవడం లేదు. అనిచ్చను అర్థం చేసుకున్న మనసు అలా మాట్లాడుతుంది. గౌరవంగా పోవడం అంటే ఇదే. కుటుంబం చేయాల్సిన పని, ప్రియమైన మనిషి ఏ మాట అంటున్నాడో గుర్తుపట్టడం. మొదటి రకం మాటకు నొప్పి తగ్గించడం జవాబు. రెండో రకం మాటకు పక్కన నిలబడడం జవాబు.

4. "చంపేయండి" అన్నప్పుడు ముందు అడగాల్సిన మూడు సంగతులు

మొదటిది, నొప్పి. మన దగ్గర చాలామంది నొప్పిని "పూర్వజన్మ కర్మ, అనుభవించాల్సిందే" అంటారు. బుద్ధుడు అలా అనలేదు. మోళియ సీవకుడు అనే పరివ్రాజకుడు ఇదే అడిగాడు. మనిషికి కలిగే వేదనలన్నీ గత కర్మ వల్లేనా అని. కాదు, పైత్యం వల్ల, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, ఈ మూడూ కలవడం వల్ల, రుతువులు మారడం వల్ల, తిండీ నడకా సరిగా లేకపోవడం వల్ల, దెబ్బల వల్ల, కర్మ వల్ల, ఇలా ఎనిమిది కారణాల వల్ల వస్తాయని బుద్ధుడు చెప్పాడు. అన్నీ కర్మే అనడం తప్పుదృష్టి అన్నాడు. కాబట్టి క్యాన్సర్ నొప్పితో అరుస్తున్న తల్లికి మందు ఇప్పించడం కర్మకు అడ్డుపడడం కాదు, కరుణ.

అలాంటి నొప్పికి మార్ఫిన్ ఉంది. దాని పేరు వింటేనే భయపడతారు, అలవాటైపోతుందని, చంపేస్తుందని. శిక్షణ పొందిన డాక్టరు మోతాదు చూసి ఇస్తే అది మనిషిని చంపదు, నిద్రపోనిస్తుంది. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి, ఇలాంటి మందులు రోగులకు సులువుగా అందేట్టు చేశారు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి తగ్గించే ప్రత్యేక విభాగం ఉంది. తెలంగాణలో జిల్లా ఆసుపత్రులలో కూడా పాలియేటివ్ కేంద్రాలు వచ్చాయి. పాలియేటివ్ అంటే జబ్బు నయం చేయలేకపోయినా బాధను తగ్గించే వైద్యం. నొప్పి తగ్గిన తర్వాత అదే మనిషి "చంపేయండి" అంటాడో లేదో చూడండి. చాలామంది అనరు. మనవడిని పిలవమంటారు, చేపల కూర అడుగుతారు.

రెండోది, భారం. "నా వల్ల మీకు అప్పులు" అనే దిగులుతో పోతానంటే అది అతని ఎంపిక కాదు, మన ముఖాలు చూసి తీసుకున్న నిర్ణయం. ఇక్కడ నకులమాత కథ మనకు దారి చూపిస్తుంది. భగ్గ దేశంలో నకులపిత అనే గృహస్థుడు తీవ్రంగా జబ్బుపడ్డాడు. భార్య నకులమాత పక్కన కూర్చొని, దిగులుతో పోవద్దు అని చెప్పింది. తర్వాత అతని మనసులో ఏయే దిగుళ్లు ఉండొచ్చో ఒక్కొక్కటే తీసి జవాబిచ్చింది. నువ్వు పోతే పిల్లలు ఎలా అంటావేమో, నాకు పత్తి వడకడం, ఉన్ని దువ్వడం వచ్చు, ఇల్లు నడుపుతాను. ఇంకో ఇంటికి పోతానంటావేమో, పోను. బుద్ధుణ్ణి, సంఘాన్ని మరిచిపోతానంటావేమో, మరవను. శీలం తప్పను. మనసు నెమ్మదిగానే ఉంచుకుంటాను. ధమ్మంలో నాకు సందేహం లేదు. ఇలా ఆరు భరోసాలు. ఆ మాటలు వింటుండగానే నకులపితకు జబ్బు నెమ్మదించి లేచి కూర్చున్నాడని సుత్తం చెబుతుంది. బుద్ధుడు ఆమెను మెచ్చుకున్నాడు.

మొదటి భరోసా చూడండి, అది బతుకుతెరువు గురించి. ఆమె ఆకాశం గురించి మొదలుపెట్టలేదు, రాట్నం గురించి మొదలుపెట్టింది. మనం కూడా అలాగే చెప్పాలి. "పింఛను కాగితాలు అన్నీ సరిచేశాం నాయనా. చెల్లె చదువు ఆగదు. ఇంటి అప్పు నేను కడత."

మూడోది, మనసు కుంగుబాటు. జబ్బుతోపాటు డిప్రెషన్ కూడా వస్తుంది. అది వైద్యంతో తగ్గుతుంది. ఒంటరితనం, కుంగుబాటు వల్ల వచ్చిన చావు కోరికను గౌరవంగా పోవాలనే ఎంపికతో కలపకండి. రోగికైనా, సేవ చేసి అలసిపోయినవాళ్లకైనా అలాంటి ఆలోచనలు వస్తుంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు.

5. సేవ చేసేవారి అయిదు గుణాలు

ఒకసారి విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న భిక్ఖువును బుద్ధుడు చూశాడు. ఎవరూ పట్టించుకోవడం లేదు. ఆనందుడు నీళ్లు తెచ్చాడు. బుద్ధుడు నీళ్లు పోస్తుంటే ఆనందుడు కడిగాడు. ఇద్దరూ తలవైపు ఒకరు, కాళ్లవైపు ఒకరు పట్టుకొని మంచం మీద పడుకోబెట్టారు. తనకు సేవ చేయాలనుకునేవాళ్లు రోగులకు సేవ చేయాలని అప్పుడే సంఘానికి చెప్పాడు. సేవ చేసేవారికి ఉండాల్సిన అయిదు గుణాలు కూడా చెప్పాడు:

ఒకటి, మందు సిద్ధం చేయడం తెలియాలి. రెండు, రోగికి ఏది పడుతుందో, ఏది పడదో తెలిసి, పడేది ఇవ్వాలి, పడనిది తీసెయ్యాలి. మూడు, లాభం కోసం కాక మైత్రితో చేయాలి. నాలుగు, మలం, మూత్రం, వాంతి ఎత్తడానికి అసహ్యపడకూడదు. అయిదు, సమయానికి ధమ్మం మాట్లాడి రోగి మనసును తేలికచేయగలగాలి.

రెండో గుణాన్ని ఈ కాలానికి చదువుకోండి. పడనిది తీసెయ్యాలి. ఇక బతకని శరీరంలో ఉపయోగం లేని గొట్టం, ఉపయోగం లేని సూది పడనివే. నాలుగో గుణం చూడండి. మన ఇళ్లలో ఈ పని అంతా ఆడవాళ్ల మీదే పడుతుంది. కోడలో, కూతురో రాత్రులు మేల్కొంటారు, నిర్ణయాలు మాత్రం వరండాలో మగవాళ్లు తీసుకుంటారు. మలం ఎత్తిన చేతికి మాట్లాడే హక్కు ముందు ఉండాలి. రోగి ఏం కోరుకుంటున్నాడో ఎక్కువసార్లు ఆమెకే తెలుసు.

6. చట్టం ఏం ఒప్పుకుంటుంది?

వెంకటేశ్ పోయిన తర్వాత చట్టం కొంత మారింది. ముంబైలో దాడికి గురై 1973 నుంచి తెలివి లేకుండా ఉన్న నర్సు అరుణా షాన్‌బాగ్ కేసులో 2011లో సుప్రీంకోర్టు, కొన్ని షరతులతో ప్రాణాధార చికిత్స ఆపవచ్చని మొదటిసారి ఒప్పుకుంది. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, గౌరవంగా చనిపోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. తెలివిలో ఉన్న పెద్దమనిషి తనకు చికిత్స వద్దనవచ్చు. ముందుగానే కాగితం రాసి పెట్టుకోవచ్చు. దీన్నే లివింగ్ విల్ అంటున్నారు. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం మాత్రం ఇప్పటికీ నేరమే. ధమ్మం గీసిన గీత, చట్టం గీసిన గీత ఇక్కడ దాదాపు ఒకేచోట ఉన్నాయి.

2018 పద్ధతి కష్టంగా ఉందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని సులువు చేసింది. ఇప్పటి పద్ధతి ఇది:

కాగితం రాసేవారికి 18 ఏళ్లు నిండి ఉండాలి, మనసు స్థిమితంగా ఉండాలి, ఎవరి బలవంతమూ ఉండకూడదు. ఎలాంటి స్థితి వస్తే ఏ చికిత్స వద్దో స్పష్టంగా రాయాలి. తాను మాట్లాడలేని స్థితిలో తన తరఫున చెప్పేవారి పేర్లు రాయాలి. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ దగ్గర గానీ గెజిటెడ్ అధికారి దగ్గర గానీ ధ్రువీకరణ చేయించాలి. మనసు మారితే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు.

ఆ స్థితి వచ్చినప్పుడు ఆసుపత్రిలో ముగ్గురు డాక్టర్ల బోర్డు చూస్తుంది. తర్వాత రెండో బోర్డు చూస్తుంది, అందులో జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టరు ఉంటారు. ఒక్కో బోర్డు 48 గంటల్లోపు చెప్పడం మంచిదని కోర్టు అంది. పేర్లు రాసిన బంధువుల సమ్మతి తీసుకోవాలి. చికిత్స ఆపే ముందు ఆసుపత్రి మేజిస్ట్రేటుకు తెలియజేస్తుంది. బోర్డు కాదంటే హైకోర్టుకు పోవచ్చు. కాగితం రాయని మనిషి విషయంలో కూడా కుటుంబ సమ్మతితో ఇదే దారి ఉంది.

7. పాల్వంచ నుంచి చూస్తే

ఇదంతా పెద్ద ఊళ్ల సంగతి అనుకోకండి. కేటీపీఎస్‌లో చేసి రిటైరైన కార్మికుడైనా, కిన్నెరసాని అవతల అడవి పల్లెలోని అవ్వయినా, పెద్ద జబ్బు వస్తే పోవాల్సింది హైదరాబాదే. దాదాపు 300 కిలోమీటర్లు. అక్కడ ఐసీయూ అద్దంలోంచి రోజుకు రెండుసార్లు చూడనిస్తారు. ఆఖరి మాట చెప్పుకోకుండానే మనిషి పోతాడు, శవం అంబులెన్సులో తిరిగొస్తుంది. ఎన్ని కుటుంబాలకు ఇలా జరగలేదు?

దీనికి ఎదురుగా ఇంకోటి జరుగుతుంది. డబ్బులు అయిపోయి, డిశ్చార్జి రాయించుకొని ఇంటికి తెస్తారు. నొప్పికి మందు ఉండదు, పుండ్లు కడిగేవాళ్లు ఉండరు, ఊరి ఆర్‌ఎంపీ పెట్టే గ్లూకోజు బాటిల్ తప్ప. దీన్ని "ఆయన ఇంట్లో పోవాలనుకున్నాడు" అని చెప్పుకుంటాం. అది గౌరవం కాదు, వదిలేయడం. డబ్బులేమి వల్ల ఆగిన వైద్యాన్ని ఎంపిక అనకూడదు. ఎంపిక అనాలంటే రెండు దారులూ నిజంగా ఉండాలి. నయమయ్యే జబ్బుకు వైద్యం అడగడం మన హక్కు. నయం కానప్పుడు నొప్పి లేకుండా ఇంట్లో ఉండడం కూడా మన హక్కే.

కాబట్టి ఇంటికి తెచ్చే ముందు డాక్టరును ఇవి అడిగి రాయించుకోండి: నొప్పి పెరిగితే ఏ మందు, ఎంత? ఆయాసం వస్తే ఏం చేయాలి? మింగలేకపోతే ఏం చేయాలి? పుండ్లు పడకుండా ఎన్ని గంటలకోసారి పక్క మార్చాలి? పాలియేటివ్ కేంద్రం నుంచి ఇంటికి వచ్చి చూసేవాళ్లు ఉన్నారా? మన ధమ్మ మిత్రులు వంతులు వేసుకొని రాత్రి కాపలా ఉంటే, ఆ ఇంటి ఆడవాళ్లు ఒక్క రాత్రైనా నిద్రపోతారు. దీనికి డబ్బు అక్కర్లేదు.

8. ఆఖరి గంటల్లో ఏం మాట్లాడాలి?

శాక్యుడైన మహానామ ఇదే అడిగాడు. జబ్బుపడ్డ ఉపాసకుడికి ఇంకో ఉపాసకుడు ఏం చెప్పాలి అని. బుద్ధుడు వరుస చెప్పాడు. ముందు భరోసా ఇవ్వాలి, బుద్ధ, ధమ్మ, సంఘాల మీద నీకు నమ్మకం ఉంది, నీ శీలం ఉంది అని. తర్వాత అడగాలి, తల్లిదండ్రుల మీద దిగులు ఉందా? ఉంటే, దిగులుపడినా పడకపోయినా పోవడం ఆగదు కదా, ఆ దిగులు వదిలెయ్యి అని చెప్పాలి. తర్వాత భార్యాపిల్లల గురించి. తర్వాత లోక సుఖాల గురించి. ఇలా మెట్టుమెట్టుగా మనసును విడిపించాలి.

చూశారా, ఇందులో ఎక్కడా చావమని లేదు, బతకమని బలవంతమూ లేదు. మనిషి పట్టుకున్న ఒక్కొక్క ముడిని అడిగి విప్పడమే ఉంది. అందుకే గది నిండా జనం చేరి గుండెలు బాదుకోకండి. చెయ్యి పట్టుకోండి. పెదాలు తడపండి. క్షమించమని అడగాల్సింది ఉంటే అడగండి. వినికిడి ఆఖరి దాకా ఉండొచ్చు కాబట్టి, స్పృహ లేదనుకొని మంచం దగ్గర ఆస్తి పంపకాలు మాట్లాడకండి. కళ్లు దానం చేయాలని ఆ మనిషి చెప్పి ఉంటే, పోయిన ఆరు గంటల్లోపే ఐ బ్యాంకుకు అందాలి. నంబరు ముందే రాసి పెట్టుకోండి. వెంకటేశ్ అడిగినదంతా జరగలేదు, కానీ కళ్లు ఇవ్వడం జరిగింది. ధమ్మం దాటకుండా నెరవేర్చగలిగినదాన్ని తప్పకుండా నెరవేర్చాలి.

9. మిగిలినవాళ్లకు

"ఆ గొట్టం తీయకుండా ఉంటే ఇంకో నెల బతికేవాడేమో." ఈ మాట కుటుంబాన్ని ఏళ్ల తరబడి తింటుంది. బుద్ధుడు 80వ ఏట, చుందుడు అనే కమ్మరి ఇంట్లో భోజనం చేశాక తీవ్రంగా జబ్బుపడ్డాడు. ఆ బాధలో కూడా ఆయన ఆలోచించింది చుందుడి గురించి. నా అన్నం తిని పోయాడని అతను కుమిలిపోకూడదు, ఆ భోజనం ఎంతో పుణ్యమైనదని చుందుడికి చెప్పమని ఆనందుడికి అప్పగించాడు. కుసినారలో ఆనందుడు తలుపు పట్టుకొని ఏడుస్తుంటే పిలిపించి, ఏడవకు అని, ఇన్నేళ్లూ నువ్వు మైత్రితో చేసిన సేవ కొలవలేనిదని అందరి ముందు మెచ్చుకున్నాడు.

పోయేవారు మిగిలేవారికి ఈ మాట చెప్పగలగాలి. "నా నిర్ణయం నాది, మీరు బాగా చూసుకున్నారు." కాగితం మీద ముందే రాసి ఉంటే ఇంకా మంచిది. లివింగ్ విల్ డాక్టరు కోసం రాసే కాగితమే కాదు, కొడుకూ కూతుళ్ల మీద నుంచి నింద తీసేసే కాగితం కూడా.

తల్లి సుజాత కోర్టులో గెలవలేదు. అయినా కొడుకు ఒంటరిగా పోలేదు. అతని మాట వినే మనిషి చివరిదాకా పక్కనే ఉంది. గౌరవంగా చావడంలో యంత్రం తీయడం, ఉంచడం చిన్న భాగం. నా మాట విన్నారు అనే నమ్మకంతో పోవడమే పెద్ద భాగం. అది ఇవ్వడానికి ఏ కోర్టు అనుమతీ అక్కర్లేదు.

చర్చకు ప్రశ్నలు

1. చావును తెచ్చిపెట్టడం, చావును అడ్డగించకపోవడం, ఈ రెండింటికీ చేతనలో తేడా ఏమిటి? వెంకటేశ్ కోరికలోని రెండు భాగాలతో పోల్చి చెప్పండి.
2. నకులమాత ఇచ్చిన ఆరు భరోసాలలాంటివి మీ ఇంట్లోవాళ్లకు మీరు ఏమేం ఇవ్వగలరు?
3. మీ కుటుంబంలో పెద్దవాళ్లను "మీకు ఏం కావాలి?" అని ఎప్పుడైనా అడిగారా? అడగకుండా ఆపుతున్నది భవతణ్హా, భయమా?
4. వచ్చే పౌర్ణమిలోపు మన బృందంలో రాత్రి సేవకు వంతులు వేసుకోగలవాళ్లు ఎవరెవరు? పేర్లు రాసి తీసుకురండి.

నమో బుద్ధాయ. జై భీమ్.